‘ఏం కాదులే’ అని మాత్రం అనకండి

2018 ఏప్రిల్. కడపలో మా అమ్మగారింట్లో మధ్యాహ్నం రెండు దాటింది. పాపకు నాలుగో నెల. నడవాలో దూలానికి కట్టిన చీర ఉయ్యాలలో నిద్రపోతోంది. అమ్మ కత్తిపీట ముందేసుకుని బెండకాయలు తరుగుతూ, పొయ్యి మీద పాలు గుర్తొచ్చి లోపలికి లేచిపోయింది. కత్తిపీట అక్కడే ఉంది. ఉయ్యాల పక్కనే ఉంది. మధ్యలో నేను.

అప్పుడు నా కళ్ల ముందు ఒక బొమ్మ మెదిలింది. పాప, ఆ కత్తి, నా చేతులు. అంతకంటే వివరంగా రాయను. అరక్షణం కూడా ఉండి ఉండదు. కానీ ఆ అరక్షణంలో నా ఒళ్లంతా చల్లబడింది. రెండు చేతులూ చంకల్లో బిగించుకుని వంటింట్లోకి పరుగెత్తి, అమ్మను పట్టుకుని అడిగాను: “అమ్మా, నేను పాపను ఏమీ చేయను కదా?”

అమ్మ బిత్తరపోయింది. “ఏం మాటలు పాపా అవి! ఏం కాదులే. నిద్రల్లేక అట్ల అనిపిస్తాది” అంది.

ఆ ఒక్క మాటతో గుండె బరువు దిగింది. నిజంగా దిగింది. వెళ్లి పాప పక్కన కూర్చున్నాను. సాయంత్రం దీపాలవేళకు ఆ బొమ్మ మళ్లీ వచ్చింది. మళ్లీ అడిగాను. అమ్మ మళ్లీ అదే చెప్పింది. మూడో వారం వచ్చేసరికి రోజుకు ముప్పై, నలభై సార్లు అడుగుతున్నాను. అర్ధరాత్రి లేపి అడిగేదాన్ని. అమ్మ ఒక్కసారి కూడా విసుక్కోలేదు. ప్రతిసారీ తల నిమిరి, “ఏం కాదులే పాపా” అనేది.

నేను మునిగిపోయింది ఆ మాటతోనే అని చెప్పడానికే ఇది రాస్తున్నాను. చెడ్డ ఆలోచన నన్ను అంత దూరం తీసుకెళ్లలేదు. దానికి మా ఇంట్లో అందరం కలిసి చెప్పిన జవాబులు తీసుకెళ్లాయి. ఇది మా అమ్మ మీద ఫిర్యాదు కాదు. అంత ప్రేమ లేకపోతే ఆమె నలభై సార్లు చెప్పేది కాదు. ప్రేమతో చేసే పని కాబట్టే దీన్ని ఎవరూ తప్పు పట్టరు, అందుకే ఎవరో ఒకరు నోరు తెరిచి చెప్పాలి.

ముందు ఈ ఆలోచనల సంగతి. చాలామంది వీటిని మనిషి లోపల దాగి ఉన్న అసలు బుద్ధి బయటపడడం అనుకుంటారు. నేనూ అనుకున్నాను. మా జేజి దగ్గర పెరిగినదాన్ని. ఏదైనా చెడ్డ మాట నోటి నుంచి వస్తే, “అట్ల అనగాకు, తథాస్తు దేవతలు తిరుగుతుంటారు” అనేది. సాయంత్రం పూట మరీను. బడిలో పద్యాల్లో నేర్పింది మనసు శుద్ధిగా లేనివాడి పూజ దండగని. ఏ భావన ఉంటే అదే జరుగుతుందని ప్రవచనాల్లో విన్నాను. ఇవన్నీ మంచి ఉద్దేశంతో చెప్పిన మాటలే. నోరు అదుపులో పెట్టుకోమని, మనసు మంచిగా ఉంచుకోమని. కానీ భయంతో వణికిపోతున్న బాలింత తలలో ఈ మాటలు వేరేగా మోగుతాయి. అనుకున్నావు కాబట్టి జరుగుతుంది. అనుకున్నావు కాబట్టి నువ్వు అలాంటిదానివే.

ఆలోచన అంటే చేసినంత పని అనే ఈ నమ్మకాన్ని మానసిక వైద్యంలో ఓసీడీకి (వద్దన్నా వచ్చే ఆలోచనలు, వాటి భయం దించుకోవడానికి మళ్లీ మళ్లీ చేసే పనులు కలిసిన జబ్బు; నాది అదేనని తర్వాత తెలిసింది) పట్టుగొమ్మల్లో ఒకటిగా లెక్కవేస్తారు. రాక్మన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త దీని మీద చాలా పనిచేశాడు. ఆయన డిసిల్వా అనే మరొకరితో కలిసి 1978లో ఒక పని చేశాడు. ఏ జబ్బూ లేని మామూలు మనుషులను, మీకు ఇష్టం లేని, అసహ్యమైన, భయంకరమైన ఆలోచనలు హఠాత్తుగా వస్తాయా అని అడిగారు. ప్రతి పదిమందిలో ఎనిమిదిమంది వస్తాయన్నారు. ఇంకా గట్టి సంగతి ఏమిటంటే, జబ్బు ఉన్నవారి ఆలోచనలనూ లేనివారి ఆలోచనలనూ కాగితం మీద రాసి పక్కపక్కన పెడితే, ఏది ఎవరిదో పోల్చడం నిపుణులకు కూడా అంత తేలిక కాలేదు. 2014లో ఆరు ఖండాల్లోని 13 దేశాల్లో 777 మంది విద్యార్థులను అడిగితే, అంతకు ముందు మూడు నెలల్లో ఇలాంటి ఆలోచన కనీసం ఒకటి వచ్చిందన్నవారు 94 శాతం. కొత్తగా తల్లులైనవారి సంగతి వేరే చూశారు. కెనడాలో 91 మంది తల్లుల మీద చేసి 2008లో ప్రచురించిన అధ్యయనంలో, బిడ్డకు ఏదైనా ప్రమాదం జరుగుతుందేమోనన్న ఆలోచన అందరికీ వచ్చింది. తామే బిడ్డకు హాని చేస్తామేమోనన్న ఆలోచన దాదాపు సగంమందికి వచ్చింది.

సగంమంది! మా వీధిలో ఆ ఏడాది కాన్పులైనవాళ్లు నాకు తెలిసి ఐదుగురు. బారసాలలకు వెళ్లాం, ఒకరి పాపను ఒకరం ఎత్తుకున్నాం, సాంబ్రాణి పొగ గురించి, ఉగ్గు గురించి, కాన్పు కుట్ల గురించి మాట్లాడుకున్నాం. ఈ ఒక్క సంగతి ఎవరమూ ఎత్తలేదు. ఎత్తి ఉంటే నా కథ ఇంకోలా ఉండేదని గట్టిగా నమ్ముతాను.

మరి అందరికీ వచ్చేదే అయితే కొందరికే జబ్బు ఎందుకవుతుంది? ఆలోచన వచ్చాక మనం దానితో ఏం చేస్తామన్న దగ్గర దారులు చీలిపోతాయి. మామూలుగా ఉన్నప్పుడు మనిషి ఛీ అనుకుని బియ్యం ఏరుకుంటాడు. భయంతో ఉన్నప్పుడు దాన్ని పట్టుకుని నిలదీస్తాడు. ఎందుకొచ్చావు, నిజమేనా, నేను అలాంటిదాన్నా అని. లేదా తరిమేయాలని చూస్తాడు. మందు తాగేటప్పుడు కోతిని తలచుకోవద్దన్న వైద్యుడి కథ మన ఇళ్లల్లో అందరికీ తెలుసు. గ్లాసు ఎత్తినప్పుడల్లా కోతే గుర్తొస్తుంది. అమెరికాలో వెగ్నర్ అనే శాస్త్రవేత్త 1987లో దాదాపు ఇదే పరీక్ష పెట్టాడు. కోతికి బదులు తెల్ల ఎలుగుబంటి. ఐదు నిమిషాలు దాన్ని తలచుకోవద్దు, తలపుకు వస్తే గంట కొట్టమన్నాడు. గంటలు మోగుతూనే ఉన్నాయి. తర్వాత ఇక తలచుకోవచ్చు అని వదిలేస్తే, మొదటి నుంచీ తలచుకోమన్నవారికంటే వీళ్లకే ఎక్కువసార్లు వచ్చింది. అణచిపెట్టింది అణచిపెట్టినట్టు ఉండదు.

అందుకే “అట్లాంటివి మనసులోకి రానీకు” అనే సలహా పనిచేయదు. నాకు ఆ సలహా ఇవ్వనివాళ్లు లేరు. నేను పాటించకుండానూ ఉండలేదు. కత్తిపీటను నేనే తీసుకెళ్లి బియ్యం డ్రమ్ము వెనక దాచాను. మిద్దె పైకి వెళ్లడం మానేశాను, పిట్టగోడ తక్కువ ఎత్తు. పాపకు నీళ్లు పోయడం మానేశాను. జేజి కాళ్లు చాచుకుని, పాపను కాళ్ల మీద పడుకోబెట్టుకుని నీళ్లు పోస్తుంటే, చెంబు అందించమంటే గది బయటి నుంచే తోసేదాన్ని. పాపను ఎత్తుకోవడం పాలివ్వడానికే. అప్పుడు కూడా అమ్మ పక్కన ఉండాలి. ఆలోచన వచ్చినప్పుడల్లా లోపల పదకొండుసార్లు గోవిందా అనుకోవాలి, మధ్యలో తప్పితే మొదటి నుంచి. రాత్రుళ్లు ఫోన్లో వెతకడం. బిడ్డలకు హాని చేసిన తల్లుల వార్తలు చదివి, వాళ్లకూ నాకూ తేడా ఏముందో లెక్కలు వేసుకోవడం. ఒక్కో పనీ ఆ పూటకు కొంచెం నిమ్మళం ఇచ్చేది.

ఆ నిమ్మళమే ఉచ్చు. ఆలోచన వస్తుంది, భయం లేస్తుంది, నేను ఒక పని చేస్తాను, భయం దిగుతుంది. నా మెదడు దీన్నుంచి నేర్చుకునేది ఏమిటి? ఆ పని చేశాను కాబట్టి గండం తప్పిందని. అంటే గండం నిజమేనని. తర్వాతిసారి ఇంకా తొందరగా, ఇంకా గట్టిగా హెచ్చరిస్తుంది. అనుమానం పెనుభూతం అని ఊరికే అనలేదు, కానీ ఆ భూతానికి తిండి పెట్టేది ఎవరో ఆ సామెతలో లేదు.

నాకు అర్థమైన పోలిక చెప్తాను. ‘ఏం కాదులే’ అనేది చేబదులు లాంటిది. ఆ పూట గడుస్తుంది. మొదట్లో ఒక్కసారి చెప్పించుకుంటే ఒకరోజు గడిచింది. తర్వాత పూట. తర్వాత గంట. మే నెల చివరికి అమ్మ మాట పూర్తికాకముందే, ‘నన్ను ఊరడించడానికి చెప్తోందేమో, నిజంగా నమ్మి చెప్పిందా’ అని కొత్త అనుమానం మొలిచేది. బదులు తీర్చడానికి మళ్లీ బదులు.

మధ్యలో ఊళ్లోనే ఒక డాక్టరుకు చూపించారు. నేను సగం చెప్పేసరికే ఆయన నిద్రకు మాత్రలు రాసి, మా నాయన వైపు తిరిగి, “ఈమెను పాపతో ఒంటరిగా వదలకండి” అన్నారు. ఆయన జాగ్రత్త కోసమే అని ఉండొచ్చు. కానీ ఆ మాట నాకు తీర్పులా వినపడింది. డాక్టరు కూడా నన్ను అలాగే చూశాడు. ఆ తర్వాత ఆరు వారాలు నేనూ పాపా ఒక గదిలో ఒంటరిగా లేము. నేను స్నానానికి వెళ్లినా పాపను జేజి తీసుకెళ్లేది. దాని ఐదో నెల, ఆరో నెల నాకు సరిగా గుర్తులేవు. ఆ కోపం ఇంకా పోలేదు, పోవాలని కూడా అనుకోవడం లేదు.

నాయన నన్ను దేవుని కడప గుడికి తీసుకెళ్లారు, పెద్ద దర్గాకు తీసుకెళ్లారు. మా ఊళ్లో ఇది వింతేం కాదు. ఉగాదికి ముస్లింలు దేవుని కడప స్వామి దగ్గరకు వస్తారు, మనసు బాగాలేకపోతే హిందువులు దర్గాకు వెళ్తారు. దారం కట్టించుకున్నాను, కళ్లు మూసుకున్నాను. ఆ రెండు చోట్లా నేను అడిగింది ఒకటే, ఈ ఆలోచన మళ్లీ రాకుండా చెయ్యి అని. అది వచ్చిందో రాలేదో చూసుకుంటూ కూర్చుంటే రాకుండా ఎలా ఉంటుంది.

అందరిలో నాకు పనికొచ్చే మాట చెప్పింది మా పక్కింటి ఖాలా. ఆమెకు నా ఆలోచన ఏమిటో తెలియదు, అమ్మ చెప్పలేదు. ఊరికే మనసు బాగాలేదంటే వచ్చి కూర్చుంది. “వస్‌వసా వస్తే దానికి జవాబు చెప్పగూడదు బేటీ. అది వస్తాది, గొణుగుతాది. నీ పని నువ్వు చేసుకోవాల” అంది. నమాజుకు ముందు వజూ, అంటే ముఖం, కాళ్లూ చేతులూ కడుక్కోవడం, సరిగ్గా చేశానా లేదా అని కొందరికి అనుమానం పట్టుకుంటుందట, మళ్లీ మళ్లీ కడుక్కుంటారట. అది వస్‌వసా. మళ్లీ కడుక్కోకుండా నమాజుకు నిలబడడమే దానికి మందట. ఆరోజు నాకు అది తలకెక్కలేదు. రెండు నెలల తర్వాత బెంగుళూరులో ఒక సైకాలజిస్టు నోట అదే సంగతి విన్నప్పుడు ఖాలా గుర్తొచ్చింది.

బెంగుళూరుకు మా ఆయన తీసుకెళ్లారు. అంతవరకు ఆయనకు పూర్తి సంగతి తెలియదు. ఫోన్లో చెప్పిన రోజు అవతల చాలాసేపు మాట లేదు. తర్వాత, “రేపు వస్తున్నా” అన్నారు, అంతే. అక్కడి సైకియాట్రిస్టు గంటసేపు కూర్చోబెట్టి అడిగారు. ఇది ఓసీడీ, కాన్పు తర్వాత మొదలవడం కొత్తేం కాదు అని చెప్పి, సెర్ట్రాలిన్ మొదలుపెట్టారు. పాలిచ్చే తల్లులకు తరచుగా ఎంచుకునే మందు అది, పాలలోకి చాలా తక్కువగా వెళ్తుంది. ఓసీడీకి ఈ మందులు మామూలు దిగులుకు ఇచ్చేదానికంటే ఎక్కువ మోతాదులో అవసరం కావొచ్చనీ, ఫలితం తెలియడానికి ఎనిమిది నుంచి పన్నెండు వారాలు పట్టొచ్చనీ ముందే చెప్పారు. అలా చెప్పకపోతే నేను మూడో వారంలో మానేసేదాన్ని. మందు ఎవరికి ఏది, ఎంత అన్నది డాక్టరు చూసి చెప్పాలి, మధ్యలో సొంతంగా ఆపకూడదు.

సైకాలజిస్టు మాత్రం నేను ఎదురుచూడని ప్రశ్న వేశారు. అప్పటిదాకా అందరూ ‘అట్లాంటి ఆలోచన ఎందుకొస్తోంది’ అనే అడిగారు. ఆమె, “ఆలోచన వచ్చాక మీరు ఏమేం చేస్తారు?” అని అడిగారు. కత్తిపీట, మిద్దె, గోవింద నామం, ఫోను, అమ్మ. అన్నీ రాయించారు. రెండు పేజీలు నిండాయి. “ఆలోచనల గురించి మనం ఏమీ చేయబోవడం లేదు. ఈ రెండు పేజీలను ఒక్కొక్కటిగా ఆపుదాం” అన్నారు.

ఈ పద్ధతిని ఈఆర్పీ అంటారు. ఎక్స్‌పోజర్ అండ్ రెస్పాన్స్ ప్రివెన్షన్. భయపడేదానికి ఎదురుగా కూర్చోవడం, భయం తగ్గించుకోవడానికి చేసే పనిని చేయకుండా ఉండడం. లండన్‌లో విక్టర్ మేయర్ 1966లో ఇద్దరు రోగులతో దీన్ని చేసి చూపించాడు. అప్పటివరకు ఓసీడీకి మాటలతో చేసే వైద్యం పెద్దగా ఫలించేది కాదు. ఇప్పుడు ప్రపంచమంతా దీన్నే ముందు వరసలో పెడుతున్నారు. పూర్తిగా చేసినవారిలో సగానికి పైగా మందికి చెప్పుకోదగ్గ మెరుగు కనిపిస్తుంది. తేలిక మాత్రం కాదు.

నేను ఆమెను కూడా అడిగాను, అదే ప్రశ్న. “నేను పాపను ఏమీ చేయనని మీరు గ్యారంటీ ఇస్తారా?” ఆమె కళ్లలోకి చూసి, “ఇవ్వను. ఆ గ్యారంటీ ఏ తల్లికీ ఎవరూ ఇవ్వలేరు. గ్యారంటీ లేకుండానే పాపకు నీళ్లు పోయడం నేర్చుకుందాం” అన్నారు. ఆ రాత్రి ఆమె మీద వచ్చిన కోపం అంతా ఇంతా కాదు. డబ్బులు తీసుకుని ధైర్యం కూడా చెప్పదా అని ఏడ్చాను. తర్వాత తర్వాత తెలిసింది, ఆ ఒక్క మనిషే నాకు చేబదులు ఇవ్వలేదని.

కడపకు తిరిగొచ్చాక వారానికోసారి ఫోన్లో మాట్లాడేవారు. మా అమ్మను కూడా లైన్లోకి తీసుకున్నారు. ఇకపై ఆ ప్రశ్నకు జవాబు చెప్పొద్దని అమ్మకు చెప్పారు. అమ్మకు ఇది అస్సలు రుచించలేదు. కన్నబిడ్డ వణుకుతూ అడుగుతుంటే నోరు కట్టేసుకోమంటే ఏ తల్లికి రుచిస్తుంది? కానీ చేసింది. మొదటిరోజు నేను అడిగితే, పొయ్యి దగ్గర అటే తిరిగి నిలబడి, “ఆ ప్రశ్నకు నేను చెప్పను పాపా. నీ పక్కనే ఉంటా” అంది. నేను అరిచాను. ప్లేటు విసిరాను కూడా. అమ్మ చెప్పలేదు. సంగటి కెలుకుతున్న చెయ్యి ఆగలేదు, భుజాలు మాత్రం కదులుతున్నాయి. ఏడుస్తోందని నాకు తెలుసు. నా జీవితంలో అమ్మ నాకోసం చేసినవాటన్నిటిలో బరువైనది ఆ మౌనమే.

ఇక ఆ కత్తిపీట. మొదటి వారాల్లో నా ఆలోచనను నోట్‌బుక్‌లో రాసి, బయటికి చదివాను. తర్వాత డ్రమ్ము వెనక నుంచి కత్తిపీటను తీసి పక్క గదిలో పెట్టాం. తర్వాత నడవాలోకి. ఆగస్టు మొదట్లో ఒక పొద్దున పదకొండుకు అమ్మ కొంగు సర్దుకుని కూరగాయలకని బయటికెళ్లింది. ఇంట్లో నేను, ఉయ్యాలలో పాప. కత్తిపీట ముందేసుకుని వంకాయలు తీసుకున్నాను. భయాన్ని సున్నా నుంచి వంద లెక్కలో రాసుకోమన్నారు. 85 రాశాను. మొదటి కాయ కోస్తుంటే 90. చేతులు చెమటకు జారుతున్నాయి. గోవిందా అనకూడదు, పాప వైపు చూడకుండా ఉండకూడదు, లేచి వెళ్లకూడదు. బయట పాత సామాన్లవాడు కేకేసుకుంటూ పోయాడు. పాప నిద్రలో ముక్కు చీదింది. ఆలోచన ఒకటి, రెండు, పది, లెక్కలేనన్నిసార్లు వచ్చింది. వచ్చిన ప్రతిసారీ ఇంకో ముక్క కోశాను. పావుగంటకు 80. అరగంటకు 65. ముప్పావు గంటకు 50. ముక్కలను ఉప్పునీళ్లలో వేయడం మరిచాను. గిన్నెలో అన్నీ నల్లబడిపోయాయి. అమ్మ వచ్చి ఆ నల్లటి ముక్కలు చూసి ఏమీ అనకుండా వాటితోనే కూర చేసింది.

ఆ రోజుతో అంతా అయిపోలేదు. మరుసటి రోజు మళ్లీ 80తో మొదలైంది. ఒక్కోరోజు భయం దిగకుండానే లేవాల్సి వచ్చింది. అయినా నష్టం లేదన్నారు. భయం ఉండగానే పని చేయగలనని తెలియడం ముఖ్యమట. పాపకు మొదటిసారి నేను ఒక్కదాన్నే నీళ్లు పోసింది దాని తొమ్మిదో నెలలో. ఇప్పటికీ ఎప్పుడైనా నిద్రలేని రోజుల్లో అలాంటి ఆలోచన వస్తుంది. వస్తే వస్తుంది.

ఒక జాగ్రత్త చెప్పకపోతే తప్పవుతుంది. కాన్పు తర్వాత వచ్చే సైకోసిస్ అనే వేరే జబ్బు ఉంది. వెయ్యి కాన్పుల్లో ఒకరికో ఇద్దరికో వస్తుంది. చాలాసార్లు మొదటి రెండు వారాల్లోనే. అందులో తల్లి ఆలోచనను చూసి నాలా వణికిపోదు. బిడ్డ మీద ఏదో శక్తి ఉందని నిజంగానే నమ్మవచ్చు, లేని గొంతులు వినపడవచ్చు, నిద్ర అవసరమే లేనట్టు తిరగవచ్చు, మాట తీరు మారిపోవచ్చు. అది అత్యవసరం. ఆ పూటే ఆసుపత్రికి తీసుకెళ్లాలి, బిడ్డను ఆమెతో ఒంటరిగా వదలకూడదు. ఏది ఏదో తేల్చేది డాక్టరే, ఇంట్లోవాళ్లు కాదు. ఆ తేడా అడిగి తెలుసుకోకుండానే నన్ను ఆ గాటన కట్టారన్నదే నా బాధ.

మన దగ్గర వైద్యం దొరకడం గురించి కూడా నాకు కోపం ఉంది. 2015-16లో బెంగుళూరులోని మానసిక వైద్య సంస్థ నిమ్‌హాన్స్ 12 రాష్ట్రాల్లో చేసిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వేలో, పెద్దవాళ్లలో ఓసీడీ ఉన్నవారు వందకు 0.8 మంది దాకా తేలారు. ఆ రాష్ట్రాల్లో మనది లేదు. అయినా అదే లెక్క మనకూ వేసుకుంటే, 2011 జనాభా లెక్కల్లో దాదాపు 29 లక్షలున్న ఉమ్మడి కడప జిల్లాలో పెద్దవాళ్లు 20 లక్షలనుకున్నా, 16 వేలమంది. ఈ 16 వేలమందిలో ఎందరు నాలాగా బెంగుళూరు వెళ్లగలరు? విచిత్రమేమిటంటే, మానసిక వైద్యాన్ని జిల్లా స్థాయికి, పల్లె ఆసుపత్రికి తేవాలన్న ప్రయోగం మన పక్కనే జరిగింది. 1980లలో అనంతపురానికి ఆనుకుని ఉన్న బళ్లారి జిల్లాలో నిమ్‌హాన్స్ వాళ్లు ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల డాక్టర్లకు, సిబ్బందికి శిక్షణ ఇచ్చి చూపించారు. దాన్నే నమూనాగా తీసుకుని 1996లో కేంద్రం జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం మొదలుపెట్టింది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ఈ వైద్యం పొందడాన్ని హక్కు అంది. కానీ మాత్రలు ఇచ్చే చోటు దొరికినంతగా ఈఆర్పీ చేయించే మనిషి దొరకరు. 2022 అక్టోబరు 10 నుంచి టెలీమానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ ఉంది. 14416కు ఎవరైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు, తెలుగులో మాట్లాడవచ్చు. నాకు అవసరమైనప్పుడు అది లేదు. మీకు ఉంది.

ఇంట్లోవాళ్లకు ఒక మాట. ఉన్నట్టుండి ధైర్యం చెప్పడం ఆపేసి మొహం తిప్పుకోకండి. అది ఇంకో గాయం. ముందు కూర్చుని ఒప్పందం చేసుకోండి. ఆ ప్రశ్న అడిగితే నేను జవాబు చెప్పను, నిన్ను వదిలి వెళ్లను కూడా అని. మొదటిసారి ఎవరైనా ఇలాంటిది చెప్పుకుంటే మాత్రం పూర్తిగా వినండి, ఇది ఒక జబ్బనీ వైద్యం ఉందనీ చెప్పండి. అది సమాచారం. నలభయ్యోసారి చెప్పేది సమాచారం కాదు. ఇదే జబ్బుతో ఉండి ఇది చదువుతున్నవారికి కూడా అదే చెప్తున్నాను. ఈ రాతను రేపు మళ్లీ తెరిచి, ఆ 94 శాతం అంకె మరోసారి చూసుకుని గుండె బరువు దించుకోవాలనిపిస్తే, తెరవకండి.

పోయిన నెల రాయచోటి నుంచి ఒక బంధువుల అమ్మాయి ఫోన్ చేసింది. వరసకు నాకు మరదలు. కాన్పై మూడు నెలలు. చాలాసేపు అటూ ఇటూ మాట్లాడి, చివరికి గొంతు తగ్గించి చెప్పింది. నా కథ నాకే ఎవరో చదివి వినిపించినట్టుంది. అంతా విన్నాను. జబ్బు పేరు చెప్పాను, ఎల్లుండి డాక్టరు దగ్గరకు నేనూ వస్తానన్నాను. ఆమె సరేనంది. వెంటనే, “అయినా వదినా, నేను ఏమీ చేయను కదా?” అంది.

నాలుక చివరిదాకా వచ్చింది. రెండే మాటలు, ఎంతసేపు పని? పళ్లు బిగబట్టుకున్నాను. అప్పుడు అమ్మ భుజాలు గుర్తొచ్చాయి.

“పాప ఎక్కడుంది?” అన్నాను.

“ఉయ్యాల్లో.”

“దగ్గర కూర్చుని ఊపు. నేను ఫోన్ పెట్టను.”

ఆమె ఏడుస్తూనే ఊపింది. ఇద్దరం ఏమీ మాట్లాడుకోలేదు. ఇరవై నిమిషాలు ఉయ్యాల గొలుసు కిర్రుమంటూ వినిపించింది, మధ్యలో ఒకసారి ఆగింది, మళ్లీ మొదలైంది.